అందరికీ తెరచిన తరగతి

విద్యాధనాన్ని దొంగలు హరింపజాలరనీ, పంచిన కొలదీ అది వృద్ధి చెందుతుందనీ మన పెద్దలు చెప్పారు. అయినప్పటికీ అనేక శతాబ్దాలపాటు ఆ ధనం కొన్ని వర్గాల ఇళ్లలోనే దాగి ఉండిపోయిందన్నది కాదనలేని సత్యం.

1926లో బెజవాడలో ఆవిర్భవించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అనంతరం వాల్తేరులో స్థిరపడింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తరువాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి దేశవ్యాప్తమైన ఖ్యాతిని సమకూర్చారు. కాని అదే నగరంలో మరొక విశాఖ ఉంది. ఓడరేవులో పగలూ రాత్రీ సరకు దిగుతూనే ఉంటుంది. ఉక్కు కర్మాగారంలో కొలిమి ఆరదు. మూడు షిఫ్టులలో పని సాగుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన కార్మికుడు ఉదయం పది గంటల తరగతికి ఎట్లా హాజరు కాగలడు?

అటువంటి వారికోసం ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో దూరవిద్యకు శ్రీకారం చుట్టింది. పాఠాలు తపాలాలో ఇంటికి వచ్చాయి. ఒకరి పేరున వచ్చిన పాఠాల కట్టను ఇంటిల్లిపాదీ చదువుకోవచ్చు. తరగతి గదికి ఆ సౌలభ్యం లేదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ప్రసిద్ధం. బడి చదువు మధ్యలో ఆగిపోయినవారు సైతం ప్రవేశపరీక్ష ద్వారా డిగ్రీలో చేరేందుకు అది అవకాశం కల్పించింది.

ప్రవేశద్వారం తెరవడం ఒక మెట్టు. పాఠాన్నే తెరచి ఉంచడం అంతకంటె కష్టమైనది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రిని అందరికీ ఉచితంగా అందిస్తామని 2001లో ప్రకటించింది. మన దేశంలో 2003 నుండి ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరిట అటువంటి కృషి చేస్తున్నాయి. అధ్యాపకులు ఇందుకు వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు. ఉపన్యాసం నాలుగు గోడల మధ్య ఉన్నంతకాలం అందలి దోషం నలభైమందికే తెలుస్తుంది. లోకం ముందుంచితే ఎవరైనా వేలెత్తి చూపవచ్చు. అయితే ఆ వేలెత్తి చూపేవారే దానిని సవరించనూవచ్చు. ఎక్కడో తయారైన ఉష్ణశాస్త్ర పాఠానికి విశాఖ అధ్యాపకుడు తన ఊరి కొలిమిని ఉదాహరణగా చేర్చవచ్చు. కాబట్టి చూడనివ్వడం వేరు, మార్చుకోనివ్వడం వేరు.

తెలుగు విద్యార్థికి ఈ భేదం మరింత ముఖ్యం. ఉన్నతవిద్యకు తెలుగులో గ్రంథాలు సమకూర్చడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. (దాని తొలి అధ్యక్షుడైన పి.వి. నరసింహారావే 1992లో ప్రధానమంత్రిగా విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.) అకాడమి ఎన్ని గ్రంథాలు వెలువరించినా, ఉచితంగా లభించే సాంకేతిక పాఠాలలో అధికభాగం ఆంగ్లంలోనే ఉన్నాయి. వాటిని అనువదించాలంటే మొదట కావలసింది కర్త అనుమతి. ఆ అనుమతిని పాఠంతోపాటే ముందుగా ఇచ్చివేస్తే, గాజువాకలోని అధ్యాపకుడు ఎవరి ఉత్తరం కోసమూ ఎదురుచూడకుండా పని మొదలుపెట్టవచ్చు. ఇక మిగిలేది అనువాదశ్రమ. అది మాత్రం సామాన్యమైనది కాదు.