పండగ డబ్బా మూత తీసే ముందు

గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో పళ్ళ డాక్టరుగా పనిచేసి విరమించినదాన్ని. సంక్రాంతి వెళ్ళగానే పిల్లలు బుగ్గలు పట్టుకుని వచ్చేవారు. పుచ్చు మూడు రోజుల పండగలో పడేది కాదు. ఎప్పుడో పడిన గుంటలోకి పాకం దిగి నొప్పి లేచేది. తల్లులు మాత్రం అరిసెల్ని తిట్టేవారు. కొత్తగా తల్లులైన అమ్మాయిల కోసం ఈ నాలుగు మాటలు.

1. ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని చూడాలి.

నోట్లోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లాన్ని వదులుతాయి. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. భోజనంతో పాటు మూడు అరిసెలు తిన్న పిల్లకి ఆ దెబ్బ ఒక్కసారే. ఒకే అరిసెను పొద్దుటి నుంచి కొరుక్కుంటూ తిరిగే పిల్లకి రోజంతా దెబ్బే. 1940లలో స్వీడన్‌లోని విపెహోల్మ్ మానసిక వైద్యశాలలో జరిగిన పరీక్షలు ఈ సంగతే తేల్చాయి. మధ్యమధ్య తిన్న జిగురు టాఫీలే పళ్ళను అన్నిటికంటే ఎక్కువ పాడుచేశాయి. తమ మీద ఏం జరుగుతోందో తెలియని రోగుల మీద చేసిన పరీక్షలవి. చదువుకునే రోజుల్లో మార్కుల కోసం బట్టీపట్టాను గానీ, ఆ మనుషుల గురించి ఆలోచించింది చాలా ఏళ్ళ తర్వాతే. పిల్లలకు మిఠాయి శనివారం ఒక్కరోజే అన్న అలవాటు ఆ దేశంలో అలా వచ్చిందే.

2. దాచిన తీపిని పిల్లలు ఇంకా నెమ్మదిగా తింటారు.

పళ్ళ డాక్టరు కొడుక్కి పుచ్చుపళ్ళేమిటని నలుగురూ నవ్వుతారన్న భయం నాది. పండక్కి వచ్చిన డబ్బాలన్నీ అటకెక్కించేదాన్ని. మావాడు వాళ్ళ అమ్మమ్మ దగ్గర జీళ్ళు సంపాదించి, దుప్పట్లో దూరి అర్ధరాత్రి దాకా చప్పరించేవాడట. అప్పుడే లాలాజలం ఊరడం తగ్గుతుంది. తీపికి అంతకంటే చెడ్డవేళ లేదు. చివరికి వాడి దవడపళ్ళకి నా చేత్తోనే సిమెంటు పెట్టాను. రోజూ విస్తట్లో ఒకటి వడ్డించి ఉంటే సరిపోయేది.

3. బెల్లానికి పళ్ళ దగ్గర మినహాయింపు లేదు.

పంచదార చెడ్డది, బెల్లం మంచిదంటారు. బెల్లంలో కొంచెం ఇనుము ఉంటే ఉండవచ్చు. అందులోనూ ముఖ్యంగా ఉండేది సుక్రోజే. తేనెలో ఉండేవి వేరే చక్కెరలైనా, పళ్ళకి చేసే చెరుపు అంతే.

4. అంటుకునేదాన్ని అనుమానించాలి.

కనుమనాడు ప్రభల తీర్థంలో కొన్న జీళ్ళు, పల్లీపట్టీ, పాకం ముదిరిన నువ్వుండలు, తాండ్ర దవడపళ్ళ గుంటల్లో ఇరుక్కుని గంటల తరబడి కదలవు. పూతరేకు నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. సున్నుండ రెండు గుక్కల నీళ్ళతో దిగిపోతుంది. పిల్లవాడికి తీపి పెట్టక తప్పదన్నప్పుడు నేనైతే ఈ రెండిటినే ఎంచుతాను. కారాలన్నీ క్షేమమనుకోకండి. నమిలిన చెక్కలూ చిప్సూ ముద్దై పళ్ళ సందుల్లో నిలుస్తాయి, ఆ పిండిని కూడా సూక్ష్మజీవులు వదలవు. తిన్నాక గట్టిగా పుక్కిలించమనాలి.

అసలు సంక్రాంతి రోజుల్లో పళ్ళకు నచ్చేవి బోలెడు దొరుకుతాయి. కాల్చిన తేగలు, ఉడకబెట్టిన అనపకాయలు, జామకాయ, పచ్చికొబ్బరి ముక్క, వేరుశనక్కాయలు. నాలుగైదేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం వేరుశనగ గింజలు పెట్టవద్దు, గొంతుకడ్డం పడతాయి. చెరకు నమిలితే పళ్ళు శుభ్రపడతాయని మా పెద్దవాళ్ళనేవారు. పీచు సరే, కారేదంతా తీపి రసమే కదా! అది కూడా భోజనం చేసిన వెంటనే అయితే మేలు.

5. పాలపళ్ళు ఊడిపోయేవే గానీ, అంత తొందరగా ఊడవు.

వెనకవైపు పాల దవడపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. వాటిని ముందే పీకేస్తే కింద నుంచి వచ్చే పళ్ళకి చోటు చాలదు. ఆరేళ్ళప్పుడు వాటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అది పాలపన్నే అనుకుని వదిలేసిన తల్లులు ఎంతమందో. ఆ పన్ను పుచ్చితే దాని స్థానంలో ఇంకొకటి రాదు.

6. రాత్రి బ్రష్ చేశాక మంచినీళ్ళే.

ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళవాళ్ళు పేస్టు సంగతి డాక్టరునడిగి వాడాలి. అక్కడి పిల్లల పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు ఆ నీళ్ళ వల్ల వచ్చినవి. మిఠాయి తిన్నావా అని వాళ్ళని దబాయించకండి.

ఇక వెళ్ళొస్తామంటూ చుట్టాలు చేతిలో పెట్టే చాక్లెట్లు. వాళ్ళ ఎదుట వద్దనకండి, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. తీసుకోనిచ్చి, రాత్రి అన్నం తిన్నాక ఇస్తానని చెప్పండి. అన్నట్టే ఇవ్వండి కూడా, లేకపోతే మళ్ళీ దుప్పటి కిందికి చేరతాయి.