డిస్‌ప్లే రాని కంప్యూటర్ ముందు: మదురై సర్వీసు బల్ల నేర్పిన పాఠాలు

మదురైలో ఇవాళ్టికీ డెస్క్‌టాప్ మీదే పొద్దు గడిచే అంగళ్లు చాలా ఉన్నాయి. మాసి వీధుల చుట్టుపట్ల పెళ్లిపత్రికలు కట్టే డీటీపీ వాళ్లు, జవుళికొట్ల బిల్లింగ్ కౌంటర్లు, ఆడిటర్ల ఆఫీసులు, 2004లో హైకోర్టు బెంచి వచ్చాక మేలూరు రోడ్డు వైపు పెరిగిన టైపింగ్ పని. 2011లో తమిళనాడు ప్రభుత్వం పిల్లకాయలకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టినా ఈ అంగళ్లలో డెస్క్‌టాప్ కదల్లేదు. ఒక తెర మీద పేజీ, ఇంకో తెర మీద లెక్క పెట్టుకుని పనిచేసేవాళ్లకు అదే వాటం. వీళ్లంతా మోసుకొచ్చే ఫిర్యాదుల్లో పాతది, ఎక్కువ కంగారు పెట్టేది ఒకటే: డిస్‌ప్లే రాలేదు.

నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ పాతుకున్న మన తెలుగు ఇళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. బడిలో తమిళం, మాన్యువల్లో ఇంగ్లీషు, తెలుగు ఇంట్లో మాత్రమే. అందుకే ఇంటి మాటలో చెబుతున్నాను. వరస తప్పకుండా చదవండి, ఎందుకంటే ఈ పనిలో తెలివికన్నా వరసే ముఖ్యం.

1. స్క్రూడ్రైవర్ తీయకముందు తెర చదువు

‘నో సిగ్నల్’ అని తెర మీద పడిందంటే సగం మంచి వార్తే. ఆ అక్షరాలు రాసింది మానిటరే. దానికి కరెంటు ఉంది, వెనక దీపం వెలుగుతోంది, ప్యానెల్ బాగుంది. రావలసిన సిగ్నల్ దాని దాకా రాలేదు, అంతే. అక్షరాలూ లేవు, బటన్ దగ్గర చిన్న దీపమూ లేదంటే అది వేరే జబ్బు: ప్లగ్గు, అడాప్టర్, స్పైక్ బస్టర్ చూడాలి. ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అంటే సిగ్నల్ వస్తోంది, కానీ మానిటర్ తట్టుకోలేని రిజల్యూషన్‌లోనో రిఫ్రెష్ రేటులోనో వస్తోంది. ఆన్ చేయగానే కంపెనీ బొమ్మ కనబడి, విండోస్ మొదలయ్యేసరికి తెర నల్లబడితే కేబుల్, కార్డు, ర్యామ్ చాలావరకు నిర్దోషులు. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్‌ని అనుమానించాలి. తెర నల్లగా ఉండి, టార్చి పక్కవాటుగా వేస్తే మసకగా బొమ్మ కనబడితే బ్యాక్‌లైట్ పోయింది. ఫోన్లో “స్క్రీన్ రాలేదన్నా” అని చెప్పేవాళ్లను ముందు ఇదే అడుగు: తెర మీద ఏమైనా రాసి ఉందా?

2. లోపల ప్రాణం ఉందో లేదో కీబోర్డును అడుగు

నమ్ లాక్ నొక్కి చూడు. మన ఊళ్లో బస్సులతో మొదలైన టీవీఎస్ పేరుతో వచ్చిన గోల్డ్ కీబోర్డు పాత డీటీపీ బల్లల మీద ఇంకా టకటకలాడుతూనే ఉంటుంది. దాని మూలన దీపం చూస్తే చాలు. నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతుంటే మిషన్ నడుస్తోంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు. అలాంటప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయకు. లోపల సేవ్ చేయని పెళ్లిపత్రికో, అఫిడవిట్టో ఉండొచ్చు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. విండోస్ కీతో పి నొక్కితే ఏ తెరకు బొమ్మ పంపాలో ఎంచుకునే పట్టీ వస్తుంది. ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’లో పడిపోయి, ఆ రెండో తెర ఆఫ్‌లో ఉన్న కేసులు తరచూ వస్తాయి. దీపం ఎంతకీ కదలకపోతే మిషన్ మొదలే కాలేదనో, బిగుసుకుపోయిందనో అర్థం. అప్పుడు కేబుళ్ల దగ్గర ఎక్కువ పొద్దు పోగొట్టుకోవద్దు.

3. ఒక తెరా, రెండు తెరలా?

మన వీధిలో నీళ్లు రాకపోతే పక్కింటి కొళాయి తిప్పి చూస్తాం. అక్కడా రాకపోతే తప్పు మన కొళాయిది కాదు. రెండు మానిటర్లూ ఒకేసారి పోతే రెండూ ఒకేసారి చెడిపోయాయని ఎవరు చెప్పినా నమ్మకు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చూడు: గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్ఎంపిఎస్, మదర్‌బోర్డు, లేదా రెండు మానిటర్లకూ కరెంటిచ్చే ఒకే స్పైక్ బస్టర్. ఒక్కటే పోతే, బాగున్న తెర కేబుల్ పీకి చెడ్డ తెరకు పెట్టు. బొమ్మ వస్తే మానిటర్ మంచిది, తప్పు పాత కేబుల్‌దో, అది ఉన్న పోర్టుదో. రాకపోతే మానిటర్‌దే, లేదా అది వేరే ఇన్‌పుట్ మీద కూర్చుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యి. కేబులూ పోర్టూ కలిపి మారిస్తే బొమ్మ రావచ్చు గానీ, ఏది చెడిందో నీకు తెలియదు. వచ్చే వారం మళ్లీ పిలుస్తారు.

4. ఆయుధపూజ మర్నాడు వచ్చే ఫిర్యాదు

పండగకు అంగడి కడిగి, కంప్యూటర్లు తుడిచి, గంధం బొట్లు పెడతారు. ఆ తుడిచేటప్పుడు కేబుళ్లన్నీ పీకుతారు. మర్నాడు పూజ ముగించి ఆన్ చేస్తే నో సిగ్నల్. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాల్సిన కేబుల్‌ని పైన మదర్‌బోర్డు పోర్టులో పెట్టి ఉంటారు. నిలబెట్టిన క్యాబినెట్ వెనక చూడు: యూఎస్‌బీ, నెట్‌వర్క్ రంధ్రాల మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ బోర్డుది, కింద పట్టీలో విడిగా ఉన్నవి కార్డువి. కార్డు ఉంటే తెర దానికే పెట్టాలి. చాలా బోర్డులు కార్డు కనబడగానే తమ పోర్టును నిద్రపుచ్చుతాయి. ఇంకో సంగతి, ఇంటెల్‌లో 2019 నుంచి వస్తున్న ‘ఎఫ్’ రకం ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు. ఏఎండీ రైజెన్‌లో 2022 నాటి 7000 వరసకు ముందువాటిలో ‘జి’ అక్షరం ఉన్న రకాల్లో తప్ప గ్రాఫిక్స్ ఉండదు. అలాంటి మిషన్‌లో కార్డు తీసేసి బోర్డు పోర్టుతో పరీక్షిస్తే, మంచి బోర్డు కూడా చచ్చిన బోర్డులా కనిపిస్తుంది. పరీక్షకు ముందు ప్రాసెసర్ పేరు కనుక్కో.

5. కేబుల్‌ని అనుమానించు, కన్వర్టర్‌ని ఇంకా అనుమానించు

1987లో ఐబీఎంతో వచ్చిన వీజీఏ కేబుల్ 15 పిన్నులది. అది సగం వదులైతే తెర పచ్చగానో ఎర్రగానో మారి ముందే చెబుతుంది. 19 పిన్నుల హెచ్‌డీఎంఐకి, 20 పిన్నుల డిస్‌ప్లేపోర్ట్‌కు ఆ మొహమాటం లేదు: బాగుంటే పూర్తి బొమ్మ, కాకపోతే చుక్కలో, చీకటో. ఎందుకో తెలుసుకుంటే పని తేలిక. హెచ్‌డీఎంఐలో 18వ పిన్ను మీద కంప్యూటర్ 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ 19వ పిన్ను మీద ‘ఉన్నాను’ అని బదులిస్తుంది. తర్వాత మానిటర్ తన పేరు, తను చూపగల రిజల్యూషన్లు 128 బైట్ల ముక్కలుగా ఉండే చిన్న పట్టికలో పంపుతుంది. దాన్నే ఈడీఐడీ అంటారు. ఈ పలకరింపు తెగితే కార్డు అక్కడ మానిటరే లేదనుకుంటుంది. అందుకే మానిటర్ ప్లగ్గు గోడ నుంచి తీసి, కొన్ని నిమిషాలాగి, కేబుల్ రెండు చివరలూ మళ్లీ గట్టిగా పెడితే చాలాసార్లు బొమ్మ వస్తుంది. అది మంత్రం కాదు, తెగిన పలకరింపు మళ్లీ మొదలవడం.

కన్వర్టర్లకు దిక్కు ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి అని అమ్మే మామూలు కేబుల్ ఎదురు దిక్కులో పనిచేయదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి లోపల చిప్పు ఉన్నదే కావాలి, అది వేడెక్కి పోవడమూ మామూలే. చవక డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో 20వ పిన్నును రెండు చివరలా కలిపేస్తారు, కలపకూడదు. దానిగుండా మానిటర్ కరెంటు కార్డులోకి ఎదురెక్కి, మిషన్ ఆన్ కావడానికే మొరాయించొచ్చు.

6. కరెంటు కథ కూడా అడుగు

2012లో చెన్నై బయట రోజుకు పది గంటలకు మించి కరెంటు పోయిన రోజులు మన ఊరు మరచిపోదు. అప్పుడు కొన్న యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు కొన్ని అంగళ్లలో బ్యాటరీ చచ్చి ఇంకా అలాగే ఉన్నాయి. కరెంటు పోయి వచ్చాక డిస్‌ప్లే పోయిందంటే ముందు మిషన్ ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టు. లోపల మిగిలిన ఛార్జి ఖాళీ అవుతుంది. తర్వాత పెట్టి చూడు. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపిఎస్ బాగుందనుకోవద్దు. ఫ్యాన్‌కు కావలసింది చాలా తక్కువ. గ్రాఫిక్స్ కార్డు స్లాటు నుంచి 75 వాట్ల దాకానే తీసుకుంటుంది. పెద్ద కార్డులకు 6 పిన్నుల కేబుల్ ఇంకో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇవ్వాలి. ఆ కేబుల్ వదులైతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు. అనుమానముంటే మంచి ఎస్ఎంపిఎస్ పెట్టి చూడు. పాతదాన్ని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉండొచ్చు.

7. చివరికి పెట్టె విప్పితే ర్యామ్‌తో మొదలుపెట్టు

ఫ్యాన్ తిరిగి, నమ్ లాక్ వెలగక, తెర రాకపోతే నా బల్ల మీద ఎక్కువసార్లు దోషిగా తేలింది ర్యామే. ఎండాకాలం దుమ్ము, ఐప్పశి వానల చెమ్మ కలిసి పిన్నుల మీద పొర కడతాయి. జవుళికొట్లలో నూలు దుమ్ము అదనం. ప్లగ్గు పీకు, క్యాబినెట్ ఇనుమును తాకి ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకో, తర్వాతే ర్యామ్ తియ్యి. పెన్సిల్ రబ్బరుతో బంగారు రంగు అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్క ర్యామ్‌నే పెట్టు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ నుంచి రెండోది ముందు నింపాలి. అది కుదరకపోతే రెండో ర్యామ్, తర్వాత వేరే స్లాటు. డీడీఆర్5 బోర్డుల్లో ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటోంది, స్విచ్ నొక్కకు.

బోర్డు చెప్పేదీ విను. కొత్త బోర్డుల్లో చాలావాటి మూలన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు దీపాలుంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోతే తప్పు ఆ వైపు. పాతవాటిలో బీప్‌లు లెక్కపెట్టి, బోర్డు పుస్తకంతో పోల్చుకో. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ 3 వోల్టులది, అది తీసి కాసేపాగి పెడితే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే అసలు వెతకాల్సిన పనే లేదు.

8. నేర్చుకోవడానికి విప్పేది నీ సొంతదై ఉండాలి

కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు కథ మన పిల్లకాయలందరికీ తెలుసు. ఒక దొర దగ్గర మోటారు సైకిల్ చూసి మనసు పడి, కోయంబత్తూరు వెళ్లి హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, ముక్కముక్కలుగా విప్పి మళ్లీ బిగించాడు. 1920లో పొళ్లాచ్చి–పళని దారిలో బస్సు నడిపే దాకా ఆ విద్యే తీసుకుపోయింది. అందరూ విప్పడం గురించే చెబుతారు. ఆయన విప్పింది తన కూలి డబ్బుతో కొన్న బండిని అనేది గుర్తుంచుకో. పాత ఇనుము కొట్టులో పనికిరాని బోర్డు, పాత కార్డు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటి మీద చెయ్యి తిరిగేదాకా విప్పు. కస్టమర్ మిషన్‌లో తీసే ప్రతి కేబుల్‌నూ ముందు ఫోన్‌లో ఫోటో తీసుకో.

9. తెరతోపాటు డేటా పోలేదని ముందే చెప్పు

వచ్చినవాడి భయం తెర గురించి కాదు, పదేళ్ల లెక్కల గురించి. డిస్‌ప్లే రానంత మాత్రాన హార్డ్ డిస్కుకు ఏమీ కాదని కూర్చోబెట్టి చెప్పు. ఈ జబ్బుకు ఫార్మాట్ మందు కాదు. ఎవరైనా చేస్తానంటే మిషన్ ఇవ్వొద్దని కూడా చెప్పు. బోర్డు నిజంగానే పోతే, కొత్తదాని ఖర్చు, పాత మిషన్ విలువ, డేటా తీసివ్వడానికి కూలి, మూడూ కాగితం మీద విడివిడిగా రాసివ్వు. మార్చాలా వద్దా అనేది వాళ్ల నిర్ణయం.

10. తేలికగా కుదిరితే తేలికగా కుదిరిందనే చెప్పు

కేబుల్ బిగిస్తే బొమ్మ వచ్చిందా, “కేబుల్ వదులైందన్నా” అనే చెప్పు. అయిదు నిమిషాల పనికి డబ్బేమిటని కొందరు గొణుగుతారు. చూసినందుకు ఇంత అని గోడ మీద ముందే రాసిపెట్టి అదే తీసుకో. తక్కువగా అనిపిస్తుందని మదర్‌బోర్డు పేరు చెప్పి బిల్లు పెంచొద్దు. ఏది వదులైందో, మళ్లీ ఇలాగే అయితే తనే ఎలా బిగించుకోవాలో చూపించి పంపు. దాంతో ఒక చిన్న పని పోతుంది. కానీ ఈ ఊళ్లో అంగళ్లు గోడలు ఆనుకుని ఉంటాయి; నువ్వు పొద్దున చెప్పింది సాయంత్రానికి పక్క అంగడిలో వినబడుతుంది. పెద్ద పని వచ్చినప్పుడు, “బోర్డు పోయింది, మార్చాలి” అని నువ్వన్న మాటను ఇంకో చోట చూపించుకోకుండా నమ్మేది ఆ విన్నవాళ్లే.