ముందు నీళ్లు, ఆ తర్వాతే సిక్లిడ్‌లు

ఆక్వేరియం దుకాణంలో రెండంగుళాల ఆస్కార్, ఏంజిల్, పసుపుపచ్చ మలావి పిల్లలు ఒకే తొట్టిలో తిరుగుతుంటే మూడూ కొనాలనిపిస్తుంది. కొనకండి. మూడూ సిక్లిడ్ కుటుంబం చేపలే, కానీ కలిసి బతికేవి కావు. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది, నోట్లో పట్టిన చేపనల్లా మింగుతుంది. మలావి చేపకు కావలసిన నీళ్లే వేరు.

వీటి స్వభావం అర్థం కావాలంటే మన చెరువుల్లోని తిలాపియాను గమనించండి. అదీ ఈ కుటుంబందే. గుడ్ల కాలంలో మగది అడుగున గుంత తవ్వి, ఆ దరిదాపులకు మరో చేపను రానివ్వదు. చెరువులో తరిమితే పారిపోవచ్చు. గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? మీ ఎంపిక అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

మొదటి పని: నీళ్లు కొలవడం

బకెట్‌లో నీళ్లు పట్టి ఒక రోజు కదపకుండా ఉంచి, అప్పుడు టెస్ట్ కిట్‌తో పీహెచ్ చూడండి. బోరు నీళ్లలో కరిగిన బొగ్గుపులుసు వాయువు పోయాక గానీ అసలు అంకె తెలియదు. పప్పు త్వరగా ఉడకని, గిన్నెలకు తెల్లటి పొర కట్టే గట్టి నీళ్లయి, పీహెచ్ 7.8 దాటితే ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు సరిపోతాయి. మెత్తటి నీళ్లు, పీహెచ్ 6.5 నుంచి 7.5 లోపు ఉంటే దక్షిణ అమెరికా చేపలు పెంచండి. మందులు పోసి పీహెచ్ మార్చే ప్రయత్నం కొత్తవారు చేయకూడదు. అది నాలుగు రోజుల్లో వెనక్కి వస్తుంది, ఆ ఎగుడుదిగుళ్లే చేపలను చంపుతాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు తప్పనిసరి.

రెండో పని: తొట్టి సిద్ధం చేయడం

నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 250 లీటర్లు పడతాయి. ఇంతకంటే చిన్నదానితో మొదలుపెట్టకండి. ఫిల్టర్ ఆడిస్తూ రోజూ చిటికెడు మేత వేయండి. మేత కుళ్లి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ ముందు పెరిగి, నాలుగు నుంచి ఆరు వారాలకు రెండూ సున్నాకు వస్తాయి. అవి సున్నా కాకముందు ఒక్క చేపనూ దించవద్దు.

మూడో పని: చేపల ఎంపిక

మెత్తటి నీళ్లవారికి నేను చెప్పేది ఏంజిల్ తొట్టి. ఆరు కోరిడోరాస్, ఎనిమిది కాంగో టెట్రాలు, ఒక జత బొలీవియన్ రామ్, అయిదారు ఏంజిల్ పిల్లలు. ఏంజిల్ పై నీళ్లలో, మధ్యలో తిరుగుతుంది, రామ్ అడుగున ఉంటుంది, కాబట్టి చోటు కోసం తగువు తక్కువ. నియాన్ టెట్రాలు వద్దు, పెరిగిన ఏంజిల్‌కు అవి ఆహారమే. టైగర్ బార్బ్ అసలే వద్దు, ఏంజిల్ పొడవాటి రెక్కలను కొరికేస్తుంది. జర్మన్ బ్లూ రామ్ అందంగానే ఉంటుంది కానీ ఇంకా వెచ్చటి, మెత్తటి నీళ్లు అడుగుతుంది. కొత్తవారికి బొలీవియన్ రామే మేలు.

గట్టి నీళ్లవారు ఎల్లో ల్యాబ్‌తో మొదలుపెట్టండి. మలావి రాతి చేపల్లో ఇది నెమ్మదైనది. ఒక మగకు మూడు నాలుగు ఆడవి ఉండాలి. రెండో రకం తెస్తే అది పసుపురంగుది కాకూడదు, ఒకే రంగు చేపల మీదే మగవాటికి పగ ఎక్కువ. రాళ్లను ఇసుక మీద కాదు, తొట్టి అడుగున నేరుగా పేర్చి తర్వాత ఇసుక పోయండి. ఇవి తవ్వుతాయి, రాళ్లు కూలితే గాజు పగులుతుంది.

నాలుగో పని: దించే వరుస

నెమ్మదైనవి ముందు, పెత్తనం చేసేవి చివర. ఏంజిల్ తొట్టిలో టెట్రాలు, కోరిడోరాస్ మొదట వెళ్లాలి, కొన్ని వారాలకు రామ్‌లు, ఆఖరున ఏంజిల్స్. కొత్త చేపను దించే రోజున రాళ్లూ కర్రలూ చోటు మార్చి, లైటు ఆర్పేయండి. పాత హద్దులు చెరిగిపోతాయి.

కొన్ని నెలలకు ఏంజిల్స్‌లో ఒక జత కుదురుతుంది. ఆ జత తొట్టిలో ఒక మూలను ఆక్రమించి మిగతా ఏంజిల్స్‌ను తరుముతుంది. జతను ఉంచి మిగిలినవాటిని వెనక్కి తీసుకుంటారా అని కొనేటప్పుడే దుకాణదారుణ్ణి అడగండి. ఏ చేపైనా రెక్కలు చిరిగి, మూలన నక్కి, మేతకు రాకపోతే ఆ రోజే వేరు చేయాలి. అందుకోసం ఫిల్టర్ అమర్చిన చిన్న తొట్టి ఒకటి ముందే పక్కన ఉంచుకోండి.