దసరా దాటినంక కత్తెర పట్టు

సూర్యాపేట,
సెప్టెంబరు 14

బిడ్డా,

మిర్యాలగూడల కొత్తింటి ముందు పసుపు గులాబీ పెట్టినవని మీ అమ్మ చెప్పింది. కడియం బండి దగ్గర కొన్నవంట, పేరడిగితే "యెల్లో అమ్మా" అన్నడంట! పోనీ, వాసనుంది కదా. పసుపు గులాబీలన్నిటికీ ఆ భాగ్యం ఉండదు.

ఈ జాతి కథొకటుంది. ఫ్రాన్సులో పెర్నె-దుషే అనే ఆయన పర్షియా పసుపు గులాబీతో సంకరం చేసి 1900లో 'సొలే దోర్' తెచ్చిండు. ఇప్పటి తోటల్లోని ముదురు పసుపు చాలావరకు ఆ వంశమే. రంగుతోపాటు నల్లమచ్చ తెగులు, కొమ్మలెండే గుణం కూడా దిగినయి. అందుకే సాయంత్రాలు ఆకులు తడపకు. మచ్చపడి రాలిన ఆకును కుదుట్ల ఉంచకు, ఏరి పారెయ్యి.

మీది నల్లరేగడి. సాగర్ ఎడమ కాలువ కింద వరికి బంగారమే గాని, గులాబీ వేరు కుళ్లిపోతది. మీ ఊళ్లో మిల్లు ఊకకు కరువా? చివికిన పెంట, ఎర్రమట్టి, ఇంత ఊక కలిపి జానెడెత్తు గద్దె కట్టు. పైమట్టి వేలుతో తాకితే పొడిగ తగిలినప్పుడే నీళ్లు.

కోదాడల ఉన్నప్పుడు నేను చేసిన పని విను. అంటు ముడి మునిగేదాకా మట్టి కప్పి, రోజూ బిందెడు పోసిన. చెట్టు ఏపుగ లేస్తుంటే వాడకట్టంతా పిలిచి చూపించిన. ఏడాదైనా ఒక్క పూవు లేదు. తవ్వి చూస్తే అంటు ఎప్పుడో చచ్చింది, నేను సాకింది అడుగు మొక్కను! నీ మొక్కకు ముడి కింద పిలక లేస్తే జాలిపడకు, మొదలంటా పీకెయ్యి.

బోరునీళ్లకు లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రమే పచ్చగ మిగిలితే, అది ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పొద్దుగాల కొట్టు.

కత్తిరింపు అక్టోబరులో, వానలు వెనక్కిపోయినంక. ఎండినవి, సన్నవి తీసెయ్యి. గట్టి కొమ్మలు సగానికి చాలు, పసుపుజాతి మొండికోతకు ఓర్వదు. కోసిన చోట బ్లైటాక్స్ ముద్ద పెట్టు. నెలన్నరకు పూస్తది. వాసన పొద్దున ఏడులోపే చూడాలె, ఎండెక్కితే రంగూ పాలిపోతది.

ముందైతే ఆ ముడి మట్టి పైనుందో కిందుందో ఫోటో తీసి పంపు.

మీ పెద్దమ్మ