అడవులలో సర్వే చేయువారు జ్వరము బారిన పడకుండుట ఎట్లు?

1819వ సంవత్సరమున జార్జి ఎవరెస్టు అను సర్వే ఉద్యోగి కృష్ణా గోదావరీ నదుల నడుమ గల అడవులలో కొలతలు తీయుచుండెను. అది వానకాలము. వాన వెలిసిన పిదప దూరపు గుట్టలు తేటగా కనిపించును గనుక ఆనాటి సర్వేవారు ఆ ఋతువునే కోరుకొనెడివారు. కాని జ్వరములకును అదియే ఋతువు. ఎవరెస్టును, ఆయన పరివారమును జ్వరముపాలైరి. 1820లో ఆయన ఆరోగ్యము కొరకు ఆఫ్రికా దక్షిణపు కొననున్న కేప్ ప్రాంతమునకు వెళ్ళవలసి వచ్చెను. అడవిగాలియే ఇట్టి జ్వరములకు మూలమని అప్పటి నమ్మకము. 1897 ఆగస్టులో సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన పిదపనే నిజము తెలియవచ్చెను.

నేడు బాటలకు, నీటివనరులకు పటములు గీయుటకై విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు కూడ పాడేరు, రంపచోడవరము వంటి ఏజెన్సీ ప్రాంతములకు పోవుచున్నారు. వారి చేతిలో దారి చూపు సెల్‌ఫోను ఉన్నది. దోమ మాత్రము మారలేదు.

మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ దోమ సందెవేళ మొదలు తెల్లవారు వరకు కుట్టును. అందులో ఫ్లూవియాటిలిస్ అను జాతి, కొండవాగుల అంచులలో మెల్లగా పారు తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. మురుగు లేదు గదా యని వాగు ఒడ్డుననే గుడారము వేయుట సర్వేవారు సాధారణముగా చేయు పొరపాటు. నీరు మోయుట కష్టమైనను బస దూరముగా ఉండవలెను. సాయంకాలము నాలుగు గంటలకే కొలతలు ముగించి, చీకటి పడకమునుపే బస చేరి, చేతులు కాళ్ళు కప్పు దుస్తులు ధరించవలెను. మందు పట్టించిన దోమతెరలోనే నిదురింపవలెను.

ప్రయాణమునకు ముందే వైద్యుని కలిసి నివారణ మాత్రలను గూర్చి విచారింపుడు. డాక్సీసైక్లిన్ వాడువారు తిరిగి వచ్చిన తరువాత కూడ నాలుగు వారములు మ్రింగవలెను. గర్భిణులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు అది పనికిరాదు.

దోమకాటు పడిన వెంటనే జ్వరము రాదు. ఫాల్సిపారము మలేరియా సాధారణముగా ఒకటి రెండు వారములకు బయలుపడును. అప్పటికి మీరు ఇల్లు చేరి, పటము గీయుచుందురు, జలుబుజ్వరమని ఉపేక్షింతురు. అట్లు చేయరాదు. ఆనాడే రక్తపరీక్ష చేయించుకొని, ఏ యే ఊళ్ళలో ఎన్ని రాత్రులు గడిపితిరో వైద్యునికి చెప్పవలెను. ఏజెన్సీ గ్రామములలో ఉన్నప్పుడే జ్వరము వచ్చినచో ఆశా కార్యకర్తను అడుగుడు; అక్కడికక్కడే పరీక్షించు సాధనము ఆమెవద్ద ఉండును. జ్వరము తగ్గెను గదా యని మాత్రలు సగములో మానుట మనవారికి అలవాటు. ఇచ్చిన మాత్రలన్నియు వాడితీరవలెను.

పాముకాటు సంగతి. గాయమును కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాలు కదలకుండ బద్ద ఆనించి, రోగిని నడిపింపక మోసికొని ఆసుపత్రికి చేర్పుడు.

బయలుదేరుటకు ముందు మీ పటముపై మూడు గుర్తులు పెట్టుకొనుడు: సమీపమున గల ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, జీపు రాగల బాట చివర, సెల్‌ఫోను పలుకు గుట్ట. ఆ పటము ప్రతి యొకటి ఊరిలో ఒకరికిచ్చి, ఏ దినమున తిరిగి వత్తురో దానిపై వ్రాసి పొండు.