వర్ణమును విషమును

బస్తరు సీమలోని బాసగూడ తాలిపేరు ఒడ్డున నున్న ఊరు. ఆ నదియే దిగువన చర్ల మీదుగా వచ్చి గోదావరిలో కలియుచున్నది. ఇట్టి పల్లెలలో తొలకరి వానలకు మడుగులు నిండగానే, నిన్నటివరకు బురదవన్నెతో నుండిన పెద్దకప్పలలో మగవి నిమ్మపండువలె పచ్చబడును. అరచునప్పుడు గొంతుకు ఇరుప్రక్కల నీలి తిత్తులు ఉబ్బును. విషపు కప్పల చిత్రములు చూచినవారు దీనిని చూచి జడియుట సహజమే. అయితే ఈ పసుపు ఆడుకప్పను పిలుచు ఋతువునకు గుర్తేగాని విషమునకు గుర్తు కాదు. ఆ ఋతువు గడచిన పిమ్మట ఆ వన్నె మాయమగును.

నిజముగా విషముగల బంగారు కప్ప కొలంబియా దేశపు పసిఫిక్ తీరారణ్యములలో నున్నది. 1978లో శాస్త్రజ్ఞులు దానిని వర్ణించి, భయంకరమను అర్థముగల లాటిను పేరు పెట్టిరి. దాని పొడవు రెండంగుళములే. అయినను ఎంబెరా జాతి వేటగాండ్రు ఊదుగొట్టపు ములుకులను దాని వీపున రాచి మృగములను కొట్టుచుండిరి. ఆ విషము నరములలో సోడియము ప్రవేశించు ద్వారములను మూసికొననీయదు; అందుచేత కండరములు పట్టుతప్పి, గుండె లయ చెడి ఆగిపోవును. ఆ కప్ప పగటివేళ దాగక తిరుగును. ఏడాది పొడవున నిలుచు దాని వన్నెయే శత్రువులకు హెచ్చరిక.

ఇంతకంటె వింత యొకటి కలదు. మనుష్యుల పెంపకములో పుట్టి, వారు పెట్టు పురుగులను తిని పెరిగిన బంగారు కప్పకు ఈ విషమే యుండదు! అడవిలో అది తిను ఆహారమునుండియే విషము చేరునని దీనివలన తెలియుచున్నది. న్యూగినీ దీవిలోని పిటోహూయి పక్షియందును ఇదే జాతి విషమున్నట్లు 1992లో వెల్లడియైనది; 2004లో అచ్చటి చిన్న పెంకుపురుగులలోను అది కనబడెను.

మరి మన యిండ్ల చెంత విషముగల కప్ప లేదా? ఉన్నది; అయితే దానికి ఏ రంగును లేదు. రాళ్ళక్రింద దాగి, దీపము వెలుగునకు చేరు పురుగులను తిను ఆ గరుకుచర్మపు, బొడిపెల కప్పయే అది. కన్నుల వెనుక ఉబ్బియున్న గ్రంథులలో పాలవంటి విషమున్నది. దీనిని ఆ కప్ప తన దేహములోనే తయారు చేసికొనును. కరచిన కుక్క నోట నురుగు కార్చును. మనుష్యుడు తినినచో గుండెకే ముప్పు. వండినంతమాత్రమున ఆ విషము పోదు. ముట్టినచో పులిపిరులు వచ్చునను మాట వట్టిది. అయినను దానిని పట్టిన పిల్లలు కన్నులు నులుముకొనక మునుపే వారి చేతులు కడుగవలెను.