బడికి డబ్బు

వాన పడితే ఆ ఊరి సర్కారు బడి కురుస్తుంది. ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలు 70 మంది. పంతులమ్మ ఒక్కరే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ముగ్గురు ఉండాలి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. అదీ లేదు.

సంఘం ఆడవాళ్లు ఎమ్మెల్యే ఇంటికి వెళ్లారు.

"డబ్బు లేదమ్మా!" అన్నారు ఆయన.

"బడ్జెట్టుకు శాసనసభలో ఒప్పుకునేది మీరే కదయ్యా! బడికెంత అని అక్కడ అడగండి. సబ్బు కొన్నా మేం పన్ను కడుతున్నాం" అన్నది ఒకామె.

ఆమె మాట నిజమే. శాసనసభ ఒప్పుకుంటేనే సర్కారు ఖర్చు పెట్టాలి. దేశం ఆదాయంలో నూటికి 6 రూపాయలు చదువుకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. అంత ఇంతవరకు పెట్టలేదు.

ఆడవాళ్లు అర్జీ ఇచ్చారు. కింద 32 సంతకాలు. వేలిముద్ర ఒక్కటీ లేదు.